మెలిక ముగ్గును కోడ్‌తో గీయడం ఎలా

ధనుర్మాసంలో కోనసీమ వాకిళ్ళలో "9 చుక్కలు, 9 వరుసలు" అనుకుని మెలిక ముగ్గు వేసే స్త్రీకి జెనరేటివ్ కళలో కష్టమైన సగం ముందే తెలుసు. ఈ కళలో కళాకారిణి రాసేది బొమ్మను కాదు, బొమ్మ పుట్టే నియమాన్ని. ఆ నియమాన్ని కంప్యూటర్‌కు చెప్పడానికి పి5.జెఎస్ అనే ఉచిత జావాస్క్రిప్ట్ లైబ్రరీ చాలు. 2013లో దాన్ని మొదలుపెట్టిన లారెన్ మెకార్తీ కూడా కళాకారిణే. దాని ఎడిటర్ బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది.

ప్రోగ్రాం మొదలవగానే ఒక్కసారి నడిచే సెటప్ ఫంక్షన్‌లో 800 పిక్సెళ్ళ చదరపు కాన్వాస్ తీసుకుని, నాలుగు వైపులా 80 పిక్సెళ్ళ అంచు వదిలి, 80 పిక్సెళ్ళ దూరంలో చుక్కలు పెట్టండి. 81 చుక్కల మధ్య 64 గళ్ళు ఏర్పడతాయి. నోఫిల్ రాయకపోతే వంపుల లోపల రంగు నిండిపోతుంది. నోలూప్ రాయకపోతే బొమ్మ గీసే డ్రా ఫంక్షన్ సెకనుకు సుమారు 60 సార్లు నడిచి, ముగ్గు ప్రతిసారీ మారిపోతూ నిలకడగా కనబడదు.

ఒక్కొక్క గడిలో ఎదురెదురు మూలల చుట్టూ రెండు పావు వృత్తాలు గీయాలి. ఎడమ పైమూల, కుడి కిందిమూల తీసుకుంటే అది మొదటి రకం. మిగిలిన రెండు మూలలు తీసుకుంటే రెండో రకం. ఆర్క్ ఫంక్షన్ వ్యాసార్ధాన్ని కాక వ్యాసాన్ని అడుగుతుంది కనుక రెండు కొలతలకూ 80 ఇవ్వండి. ప్రతి వంపూ గడి అంచు మధ్యబిందువు దగ్గరే ముగుస్తుంది కాబట్టి, ఏ రకం పక్కన ఏ రకం వచ్చినా గీత తెగదు. మెలిక ముగ్గు బలమంతా ఈ ఒక్క ఏర్పాటులో ఉంది.

బయటి అంచున మాత్రం గీతలు తెగి ఉంటాయి. ఒక్కొక్క వైపున ఎనిమిది కొసలను రెండేసి చొప్పున వెలుపలి అర్ధవృత్తాలతో కలిపితే అన్నీ మూసుకుంటాయి. ఒక్కొక్క వైపున గళ్ళ సంఖ్య సరిసంఖ్య కావడం ఇందుకే అవసరం. ముగ్గంతా ఒకే గీతగా వస్తుందన్న హామీ మాత్రం లేదు.

ఇక రకాన్ని ఎన్నుకోవడం. 0 నుంచి 1 లోపు ఏదో ఒక సంఖ్యను యాదృచ్ఛికంగా ఇచ్చే రాండమ్ ఫంక్షన్‌కు పూర్తిగా వదిలేస్తే వచ్చేది చిక్కుపడిన దారమే. ముందు చదరంగపు గళ్ళలా రెండు రకాలనూ మార్చి మార్చి పెట్టండి. లోపల ఒక చుక్క విడిచి ఒక చుక్క చుట్టూ నిండు వృత్తాలు వస్తాయి. ఆ తర్వాత రాండమ్ విలువ 0.1 కంటే తక్కువ వచ్చిన గళ్ళలో మాత్రమే రకాన్ని తిప్పండి. లోపలి భాగంలో మొదట తిప్పిన గడి దగ్గర రెండు వృత్తాలు కలిసి ఒకే మెలిక అవుతాయి. 1968లోనే కంప్యూటర్‌తో బొమ్మలు గీయడం మొదలుపెట్టిన కళాకారిణి వెరా మోల్నార్ కూడా క్రమమైన చతురస్రాలలోకి అక్రమాన్ని కొలిచి వదిలింది. నా దృష్టిలో ఆ కొలతను నిర్ణయించడమే అసలైన కళ. 0.1 బదులు 0.05, 0.2, 0.4 పెట్టి ఫలితాలను పక్కపక్కన చూడండి.

వాకిటి ముగ్గులోని సౌష్ఠవం కావాలంటే, పావు భాగంలోని 16 గళ్ళకే తిప్పాలా వద్దా అని నిర్ణయించి, అదే నిర్ణయాన్ని అద్దంలోలా మిగిలిన మూడు పావులకూ వాడండి. రాండమ్‌సీడ్‌కు ఒక సంఖ్య ఇస్తే ఆ కోడ్‌తో అదే ముగ్గు మళ్ళీ వస్తుంది. నచ్చినదాన్ని సేవ్‌కాన్వాస్‌తో దాచేటప్పుడు ఆ సంఖ్యనే ఫైలు పేరుగా పెట్టండి.