బ్యాటరీ బ్యాంకుకు కలిపినా బండి బ్యాటరీకి ఛార్జ్ ఎక్కకపోతే

పక్కనే ఇన్వర్టర్ బ్యాటరీలో సోలార్ బ్యాటరీలో నిండుగా ఉన్నాయి కదా అని, డౌన్ అయిన బండి బ్యాటరీని రెండు వైర్లతో వాటికి కలిపి గంటల తరబడి వదిలేసి, తీరా తాళం తిప్పితే టక్కుమని ఊరుకుందని చెప్పేవారిని నేను చాలాకాలంగా చూస్తున్నాను. వారిని మొదట అడిగేది ఒకటే: రెండూ కలిపి ఉండగానే, డౌన్ అయిన బ్యాటరీ సీసపు టెర్మినళ్ల మీద మీటరు పెట్టి చూశారా? బ్యాంకు వైపు, అంటే నిండుగా ఉన్న ఆ బ్యాటరీల సముదాయం వైపు, చూసి 12.6 వోల్టులు ఉన్నాయని తృప్తిపడినవారే ఎక్కువ. అక్కడ ఎంత ఉందన్నది మనకు అక్కరలేదు. ఇవతలి బ్యాటరీ దాకా ఎంత చేరిందన్నదే కావాలి.

రెండు వైపులా 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీలే ఉన్నాయని, ప్లస్‌కు ప్లస్ కలిపారని, గాలి ఆడే చోట పని చేస్తున్నారని, చివరి మైనస్ క్లిప్పును బ్యాటరీకి దూరంగా ఇంజిన్ లోహానికి తగిలించారని అనుకునే ఈ రాత మొదలుపెడుతున్నాను. 24 వోల్టుల బ్యాంకును నేరుగా కలపకూడదు. అందులోంచి ఒక్క బ్యాటరీని మాత్రం వాడుకుందామన్నా ఆ జతలో ఒకటి ఖాళీ అయి రెండోది నిండుగా మిగిలి, తరువాత బ్యాంకే పాడవుతుంది.

మొదట కాస్త ఎక్కి, 12.3 దగ్గర ఆగిపోతోంది

ఇది లోపం కాదు, ఆ కలపడంలోనే ఉన్న పరిమితి. ఛార్జ్ కాకుండా ఊరికే ఉన్న బ్యాంకు నిండుగా ఉన్నా 12.6 లేదా 12.7 వోల్టులే ఇస్తుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీ పూర్తిగా నిండాలంటే దాని టెర్మినళ్ల వద్ద సుమారు 14.2 నుంచి 14.7 వోల్టులు ఉండాలి. రెండు తొట్లను అడుగున గొట్టంతో కలిపితే నీటిమట్టాలు దగ్గరపడిన కొద్దీ పారకం సన్నగిల్లినట్టే, ఇక్కడా వోల్టుల తేడా తగ్గేకొద్దీ కరెంటు తగ్గిపోతుంది. కొంతసేపు విశ్రాంతి ఇచ్చాక 12.2 చూపే బ్యాటరీ దాదాపు సగమే నిండినట్టు లెక్క.

పరిష్కారం సులువైనదే. బ్యాంకుకు దాని ఛార్జరో సోలార్ కంట్రోలరో పనిచేస్తున్న సమయంలో, అంటే బ్యాంకే 14 వోల్టులు దాటి ఉన్నప్పుడు కలపండి. అది వీలుకాకపోతే బ్యాంకుకున్న ఇన్వర్టర్‌ను ఆన్ చేసి, దాని నుంచి మామూలు బ్యాటరీ ఛార్జర్‌ను నడపండి. మధ్యలో కొంత విద్యుత్తు వేడిగా పోయినా పని మాత్రం సరిగా పూర్తవుతుంది. ద్విచక్ర వాహనాల చిన్న బ్యాటరీని పెద్ద బ్యాంకుకు నేరుగా కలపవద్దు. 5 ఆంపియర్ అవర్ల బ్యాటరీకి అర ఆంపియరు చాలు, అడ్డూ అదుపూ లేని బ్యాంకు దానికి అంతకు ఎన్నో రెట్లు తోస్తుంది. చిన్న 12 వోల్టుల బల్బును వరుసలో, అంటే ప్లస్ వైరు మధ్యలో, పెడితే అది కరెంటును కట్టడి చేస్తుంది, వెలుగు మందగించే తీరును బట్టి ఛార్జ్ ఎక్కుతోందో లేదో కంటికే తెలుస్తుంది.

బ్యాంకు 14 దాటి ఉంది, గంటలు గడిచినా బ్యాటరీ నిండటం లేదు

నన్ను దెబ్బతీసింది ఇదే. ఒక కారు బ్యాటరీ విషయంలో బ్యాంకు వైపు 14.2 వోల్టులు, బ్యాటరీ వైపు 12.5 వోల్టులు కనబడ్డాయి. వైరు చుట్టూ పట్టించి కరెంటు కొలిచే క్లాంప్ మీటరు 2 ఆంపియర్లే చూపింది. ప్లేట్లు చెడి కరెంటు తీసుకోవడం లేదని తేల్చి, బ్యాటరీ మార్చమని యజమానికి చెప్పాను. ఆయన తెచ్చిన కొత్త బ్యాటరీని అదే వైర్లతో కలిపితే అక్కడా కరెంటు 2 ఆంపియర్లు దాటలేదు. అప్పుడు గాని నాకు లెక్క వేయాలన్న ఆలోచన రాలేదు.

లెక్క ఇది. బ్యాంకుకూ బ్యాటరీకీ మధ్య 1.7 వోల్టులు పోతున్నాయి, పారుతున్నది 2 ఆంపియర్లు, కాబట్టి దారిలో దాదాపు 0.85 ఓమ్ల నిరోధం ఉంది. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, రానుపోను కలిపి 6 మీటర్లు ఉన్నా, దాని నిరోధం 0.04 ఓమ్లు మాత్రమే. అంటే వైరు ఇంత సన్నదైనా ఆ నష్టమంతా దాని మీదికి నెట్టలేము. తప్పు ఏదో ఒక అతుకులో ఉండి తీరాలి. పైగా ప్లేట్లు నిజంగా చెడి కరెంటు తీసుకోకపోతే ఇవతలి వోల్టేజి కూడా 14 దగ్గరకు ఎగబాకాలి, 12.5 వద్ద కూర్చోదు. మీటరు చెప్పిన ఆ మాట వినకుండానే నేను తీర్పు ఇచ్చేశాను.

క్లిప్పు మీది రబ్బరు తొడుగును వెనక్కి లాగి చూస్తే విషయం బయటపడింది. వైరును ఒక్క దవడకే నొక్కి బిగించారు. రెండో దవడకు కరెంటు చేరాలంటే మధ్యలోని ఇరుసు గుండా, స్ప్రింగు గుండా పోవాలి, ఆ ఇరుసు తుప్పు పట్టి నల్లబడి ఉంది. నేను తగిలించిన తీరులో సీసాన్ని గట్టిగా పట్టుకున్నది వైరు లేని ఆ రెండో దవడే. వైరు ఉన్న దవడ పళ్లు పైనున్న ప్లాస్టిక్ మూత అంచు మీద ఆని ఉన్నాయి. చూడటానికి క్లిప్పు చక్కగా పట్టినట్టే ఉంటుంది, ఊపినా కదలదు. దాన్ని తిప్పి, వైరున్న దవడ సీసం మీద ఆనేలా పెట్టగానే కరెంటు ఒక్కసారిగా పెరిగింది. చౌకరకం జంపర్ కేబుళ్లలో ఈ తయారీ సర్వసాధారణం. రెండు దవడలనూ కలుపుతూ అల్లిన రాగి పట్టీ ఉన్నదే కొనండి, లేదా మీరే ఒక పట్టీ వేసుకోండి.

దీన్ని పట్టుకోవడానికి విడదీయాల్సిన పని లేదు. కరెంటు పారుతుండగా మీటరును తక్కువ వోల్టుల స్థాయిలో పెట్టి, ఒక కొసను క్లిప్పులో వైరు రాగి కనబడే చోట, రెండో కొసను సీసపు టెర్మినల్ మీద ఆనించండి. ఛార్జ్ చేసే కరెంటుకు ఆ అతుకులో 0.1 వోల్టు కంటే ఎక్కువ చూపిస్తే అది చెడు అతుకే. నాలుగు క్లిప్పుల దగ్గరా ఇలాగే చూడాలి. కరెంటు పారకుండా చూస్తే ఎంత చెడ్డ అతుకైనా సున్నాయే చూపుతుంది, అందుకే దీన్ని చాలామంది కనిపెట్టలేకపోతారు.

ఇదే జబ్బు బండి సొంత క్లాంపుకూ, అంటే టెర్మినల్‌ను పట్టుకునే బిగింపుకూ వస్తుంది. తెల్లటి పొడి పేరుకుంటే ఎవరికైనా కనబడుతుంది. సీసానికీ క్లాంపుకూ మధ్య పేరుకునే పలుచని బూడిదరంగు పొర మాత్రం కనబడదు. పైనుంచి చూసి శుభ్రంగానే ఉందని వదిలేయకుండా క్లాంపు ఊడదీసి, లోపలి వైపునూ టెర్మినల్‌నూ సీసం తళుక్కుమనే దాకా గరుకు కాగితంతో గీకండి. బిగించిన తరువాతే వాజలీన్ పూయండి.

వైరు విషయం కూడా చెప్పాలి. పైతొడుగు లావుగా ఉందని లోపలి తీగ లావుగా ఉంటుందనుకోకండి. కొన్నింటిలో అల్యూమినియం తీగకు రాగి పూత మాత్రమే ఉంటుంది, కొస గీకితే వెండి రంగు బయటపడుతుంది. పైన చెప్పిన 6 మీటర్ల సన్న వైరు రాగిదే అయినా 10 ఆంపియర్ల వద్ద 0.4 వోల్టులు తినేస్తుంది. 12.6 వోల్టుల బ్యాంకుకూ 12.0 వోల్టుల బ్యాటరీకీ ఉన్న తేడాయే 0.6 వోల్టులు అయినప్పుడు, అందులో ఎక్కువ భాగం వైరు పాలవుతుంది.

మీటరు 12.9 చూపుతోంది, సెల్ఫ్ మాత్రం తిరగడం లేదు

ఇప్పుడే ఛార్జ్ తీసేసిన బ్యాటరీ చూపే అంకెను నమ్మకూడదు, అది ప్లేట్ల పైపై ఛార్జే. రెండు నిమిషాలు హెడ్‌లైట్లు వేసి ఆపి, కొంతసేపు ఆగాక చూడండి. తరువాత ఒకరు సెల్ఫ్ కొడుతుండగా సీసపు టెర్మినళ్ల మీదే చదవండి. 9.6 కంటే కిందికి జారిపోతే బ్యాటరీలో సత్తువ లేదు. 12 దాటి కదలకుండా ఉండి సెల్ఫ్ టక్కుమంటోందంటే ముందుగా బండి క్లాంపు అతుకును, ఎర్త్ వైరును అనుమానించండి.

ఎంతసేపు పెట్టినా 10.5 దగ్గరే ఉంటోంది

ఒక సెల్ షార్టయింది. ఆరు సెల్‌లలో ఒకటి పోతే 12.6 లోంచి 2.1 తగ్గి మిగిలేది అదే. వెంటనే విడదీయండి; కలిపి ఉంచితే మంచి బ్యాంకు తన ఛార్జంతా దానిలో వేడిగా పోగొట్టుకుంటుంది. ఒక వైపు మాత్రమే చేతికి వెచ్చగా తగిలినా, పెట్టె ఉబ్బినా ఇదే తీర్పు.

ఛార్జర్ అసలు మొదలే కావడం లేదు, లేదా బ్యాంకు హఠాత్తుగా సున్నా చూపుతోంది

మరీ ఖాళీ అయిన బ్యాటరీని కొన్ని ఛార్జర్లు గుర్తించవు. బ్యాంకుతో పది పదిహేను నిమిషాలు కలిపి వోల్టులు కాస్త లేచాక ఛార్జర్ తగిలిస్తే అది మొదలవుతుంది. మొదట అనుకున్నట్టు లెడ్ యాసిడ్‌ది కాక బ్యాంకు లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌దైతే, ఖాళీ బ్యాటరీ ఒక్కసారిగా లాగే కరెంటుకు దాని బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే లోపలి సర్క్యూట్) కట్టేసుకుని టెర్మినళ్ల వద్ద సున్నా కనబడవచ్చు. అది కాలిపోలేదు, లోడు తీసేసి, తయారీదారు చెప్పిన పద్ధతిలో మళ్లీ లేపి, ఈసారి కరెంటును కట్టడి చేసే ఛార్జర్ ద్వారా కలపండి.

ఆల్టర్నేటర్ చెడటం, రాత్రిపూట ఏదో ఒక లైటు కరెంటు తాగడం వంటివి బ్యాటరీ ఎందుకు డౌన్ అయిందో చెబుతాయి గాని, ఎందుకు ఎక్కడం లేదో చెప్పవు. నెలల తరబడి ఖాళీగా పడి ఉండి సల్ఫేషన్ (ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడటం) పట్టిన బ్యాటరీలో వోల్టులు నిమిషాల్లో 14 దాటి కరెంటు దాదాపు సున్నాకు పడిపోతుంది. దాని మీద సమయం వృథా చేయకండి.