తుంటి ఒరిపిడికి ఏ ఆపరేషన్? తేల్చుకునే పద్ధతి

కావలిలో పెళ్లి పంక్తిలో బాసింపట్టు వేసుకుని కూర్చున్న పాతికేళ్ల కుర్రవాడు లేవబోతూ గజ్జలో కలుక్కుమందని ఆగిపోతాడు. నొప్పి ఎక్కడని అడిగితే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తుంటిని పట్టుకుని చూపిస్తాడు. తొడ ఎముక పైనుండే బంతి, దాన్ని పట్టి ఉంచే కటి ఎముక గిన్నె ఒకదానికొకటి ఒరుసుకోవడమే ఈ ఒరిపిడి. బంతి కింద సన్నగా ఉండే తొడ ఎముక మెడ దగ్గర బుడిపె పెరిగితే క్యామ్ అనీ, గిన్నె అంచు ముందుకు పొడుచుకొస్తే పిన్సర్ అనీ అంటారు. చాలామందిలో రెండూ కలిసే ఉంటాయి.

ముందుగా కనీసం మూడు నెలలు ఫిజియోథెరపీ చేయించండి. 2018లో వెలువడిన బ్రిటన్ అధ్యయనంలో 348 మందిని పరిశీలించగా, ఏడాది తరువాత ఫిజియోథెరపీ వారికంటే కీహోల్ (చిన్న రంధ్రాల గుండా చేసే) ఆపరేషన్ వారే మెరుగ్గా ఉన్నారు గానీ, తుంటితో రోజువారీ జీవితం ఎలా ఉందో కొలిచే స్కోరులో తేడా నూటికి 6.8 పాయింట్లే.

తరువాత చూడవలసింది కోత పొడవు కాదు, ఎక్స్‌రే. మామూలు ఫిల్ములో దాగిపోయే బుడిపె కాలు మడిచి తీసే డన్ వ్యూలో బయటపడుతుంది. కీలు సందు 2 మిల్లీమీటర్ల కంటే తగ్గితే బుడిపె చెక్కినా ఫలితం అంతంత మాత్రమే. అప్పుడు కీలు మార్పిడి గురించే మాట్లాడాలి. గిన్నె లోతు తక్కువైతే అంచు చెక్కడం హానికరం, గిన్నెను తిప్పి అమర్చే ఆపరేషన్ కావలసి రావచ్చు.

సందు బాగుండి, బుడిపె ముందువైపు ఉంటే ఆర్థ్రోస్కోపీ, అంటే పైన చెప్పిన కీహోల్ ఆపరేషన్ చాలు. రెండు మూడు రంధ్రాల గుండా బుడిపెను చెక్కి, గిన్నె అంచు చుట్టూ పట్టీలా ఉండే లేబ్రమ్ చిరిగితే దాన్ని కుట్టేస్తారు. కాలును యంత్రంతో లాగి ఉంచుతారు కనుక కొన్నాళ్లు తిమ్మిరి ఉండవచ్చు. మళ్లీ ఆపరేషన్ దాకా వెళ్లే కేసుల్లో ఎక్కువగా కనిపించేది పూర్తిగా చెక్కకుండా మిగిలిన బుడిపే. అందుకే సర్జన్‌ను ఏడాదికి ఇవి ఎన్ని చేస్తారని మొహమాటం లేకుండా అడగాలి.

బుడిపె వెనక్కి పాకినా, బంతికి రక్తం అందక వచ్చే చిన్ననాటి పెర్థెస్ జబ్బుతో బంతి ఆకారమే మారినా, స్విట్జర్లాండ్‌లోని బెర్న్ నగరంలో సర్జన్ గాంజ్ బృందం 2001లో వివరించిన ఓపెన్ పద్ధతి మేలు. తొడ ఎముక పైభాగంలో ఒక ముక్కను కోసి, బంతికి రక్తం అందించే నాళాన్ని కాపాడుతూ బంతిని గిన్నెలోంచి బయటకు తెచ్చి, పని అయ్యాక కోసిన ఎముకను స్క్రూలతో బిగిస్తారు. అది అతికేందుకు ఆరు నుంచి ఎనిమిది వారాలు చంకకర్రలు తప్పవు.

నెల్లూరు నుంచి చెన్నైకి వెళ్లి చేయించుకునేవారు తిరుగు ప్రయాణంలో సీటు వెనక్కి వాల్చుకోవాలి, ఇంట్లో వెస్టర్న్ కమోడ్ ముందే సిద్ధం చేసుకోవాలి. ఆపరేషన్ ముందరి ఫిల్ములు మాత్రం పారేయకండి. నొప్పి తిరగబెడితే కొత్త డాక్టరు మొదట అడిగేవి అవే.