స్పైరోమెట్రీ (యంత్రంలోకి ఊదించి ఊపిరి కొలిచే పరీక్ష) అందని చోట ఊపిరితిత్తుల దీర్ఘవ్యాధిని (సీఓపీడీని) పసిగట్టడం ఎలా?

కావలసినవి కొద్దే: ఒక పీక్ ఫ్లో మీటరు (ఊదిన గాలి వేగాన్ని కొలిచే చిన్న పరికరం), మనిషికొకటి చొప్పున మార్చడానికి అట్ట గొట్టాలు, వివరాలు రాసుకోవడానికి ఒక పుస్తకం. 40 ఏళ్లు దాటి, నడిస్తే ఆయాసపడేవారిని, తరచూ దగ్గు, కళ్లె ఉన్నవారిని పిలవండి. దగ్గు రెండు వారాలు దాటితే మొదట కళ్లె పరీక్షకు పంపి, క్షయ లేదని తేలాకే ఊదించాలి. కళ్లెలో రక్తం పడుతున్నవారి చేత, ఈమధ్యే గుండెపోటు వచ్చినవారి చేత, ఈమధ్యే కంటికో పొట్టకో ఆపరేషన్ అయినవారి చేత అసలు ఊదించరాదు.

"పొగ తాగుతారా?" అని అడిగి ఊరుకుంటే చాలదు. విశాఖ జాలరిపేటలో పెద్ద వయసు ఆడవారిని "ఏమ్మా, అడ్డపొగ అలవాటుందా? కట్టెల పొయ్యి మీద ఎన్నేళ్లు వండావు?" అని విడివిడిగా అడగాలి. నిప్పున్న కొసను నోట్లో ఉంచుకుని చుట్ట కాల్చే ఆ అలవాటును చాలామంది పొగ తాగడంగా లెక్కించరు. మగవారిని బొగ్గు, రాతిపొడి, వెల్డింగు పనుల గురించి కూడా అడగాలి.

చాలామంది పాడుచేసేది ఊదించే దశనే. మనిషిని నిలబెట్టే ఊదించాలి; కూర్చోబెట్టి ఊదించిన అంకెను నేను పుస్తకంలోకి ఎక్కించను. ముల్లు సున్నాకు వచ్చిందో లేదో ప్రతిసారీ చూడాలి. పట్టుకున్న వేలు ముల్లు నడిచే గాడికి అడ్డం పడితే అంకె తప్పుతుంది. గుండెల నిండా గాలి పీల్చుకుని, వెంటనే పెదవులు గొట్టం చుట్టూ బిగించి, ఒక్క ఉదుటున ఊదాలి. బూరలా దీర్ఘంగా ఊదనక్కరలేదు, మొదటి విసురే లెక్క.

ఇక్కడ రెండు రకాల మోసం జరుగుతుంది. బుగ్గలు పూరించి ఉమ్మినట్టు "తుప్" అని ఊదితే ఊపిరితిత్తుల బలం కాక నోటి బలం నమోదై, జబ్బున్నవారు కూడా ఆరోగ్యవంతులుగా కనిపిస్తారు. పళ్లు లేని ముసలివారికి పెదవుల అంచున గాలి జారిపోయి అంకె పడిపోతుంది. అందుకే వారి ముఖాన్ని పక్కనుంచి చూడండి. బుగ్గ ఉబ్బినా, గాలి జారిన చప్పుడు వినిపించినా ఆ ఊదు కొట్టివేసి, మీరు ఊది చూపించి, కాస్త ఊపిరి తీసుకోనిచ్చి మళ్లీ ఊదించండి. మూడు సరైన ఊదుళ్లలో పెద్ద అంకెనే తీసుకోవాలి, సగటు కాదు. మూడింటిలో పెద్దవైన రెండు అంకెలకూ మధ్య నిమిషానికి 40 లీటర్లకు మించిన తేడా ఉంటే ఇంకోసారి ఊదించాలి.

వేలికి ఆక్సీమీటరు తగిలించి 97 చూపిందని ఇంటికి పంపేవారిని చూస్తే బాధ కలుగుతుంది. ఈ జబ్బు తొలిదశలో ఆక్సిజన్ మామూలుగానే ఉంటుంది, కాబట్టి ఆ అంకె జబ్బు లేదని చెప్పదు.

ఈ జబ్బును పసిగట్టడానికి వాడే క్యాప్చర్ అనే విధానంలో నిమిషానికి పురుషులకు 350 లీటర్లు, స్త్రీలకు 250 లీటర్లు హద్దు. అంతకు తగ్గితే అనుమానించాలి. పొట్టివారికి, బాగా వయసు మళ్లినవారికి జబ్బు లేకున్నా అంకె తగ్గవచ్చు, ఉబ్బసంలోనూ తగ్గుతుంది. కాబట్టి జబ్బు పేరు మీరు చెప్పకండి. శ్వాసనాళాలను తెరిచే మందు పీల్పించాక చేసే స్పైరోమెట్రీలో, మొదటి సెకనులో ఊదిన గాలికీ మొత్తం ఊదిన గాలికీ నిష్పత్తి 0.70 కంటే తక్కువగా ఉంటేనే వైద్యుడు నిర్ధారిస్తాడు. విశాఖలోని వాల్తేరు ఛాతీ ఆసుపత్రికో, కేజీహెచ్‌కో (కింగ్ జార్జి ఆసుపత్రికో) పంపేటప్పుడు చీటీలో మూడు అంకెలూ, ఊదించిన వేళా, ఆ రోజు ఇన్‌హేలరు వాడారా లేదా అన్నదీ రాయండి.