ముందు ఎడమ చెవి, తర్వాత కుడి చెవి: ‘ఐ ఫీల్ లవ్’ ఎలా వినాలంటే

మ్యూనిక్‌లో యూ4 మెట్రో ఎక్కితే ఆఖరి స్టేషన్ అరబెల్లాపార్క్. బయటికి రాగానే అరబెల్లా హౌస్ అనే పే...ద్ద బిల్డింగ్ కనిపిస్తుంది. దాని నేలమాళిగలో ఒకప్పుడు మ్యూజిక్‌ల్యాండ్ స్టూడియో ఉండేది. 1977లో అమెరికన్ గాయని డోనా సమ్మర్ పాడిన డిస్కో పాట ‘ఐ ఫీల్ లవ్’ తయారైంది అక్కడే. నా ఆఫీసుకు దారి ఆ పక్కనుంచే. ఆ పాట చెవిలో పెట్టుకుని అక్కడ ఎన్నిసార్లు నడిచానో లెక్కలేదు. గుంటూరులో ఉన్న మా తమ్ముడికి పంపిస్తే, “ఏముందక్కా ఇందులో, మొదట్నుంచి చివరిదాకా ఒకటే డుగుడుగు” అన్నాడు. వాడికి ఫోన్లో విడమరిచి చెప్పిందే ఇది.

ఫోన్ స్పీకర్లో వినకండి. మామూలు ఇయర్‌ఫోన్స్ చాలు. కానీ ఫోన్ సెట్టింగ్స్‌లో మోనో ఆడియో (రెండు చెవులకీ ఒకే శబ్దం పంపేది) ఆన్‌లో ఉంటే ఆపేయండి, లేకపోతే ఈ పాటలో సగం అందం పోతుంది. ఆల్బమ్‌లో ఉన్న, దాదాపు ఆరు నిమిషాల పాట తీసుకోండి. మొదట ఎడమ చెవికి మాత్రమే పెట్టుకోండి. బేస్, అంటే అడుగున మోగే మందమైన స్వరాల వరస, సాదాగా, దిటవుగా నడుస్తుంది. వెనక్కి జరిపి, ఈసారి కుడి చెవికి మార్చండి. అదే బేస్, కానీ వెంట్రుకవాసి ఆలస్యంగా. ఇప్పుడు రెండూ పెట్టుకోండి. స్వరాలు రెట్టింపై ఆ చెవి నుంచి ఈ చెవికి పరుగెడతాయి. వాయించింది ఒక్క వరసే, మిగతాది దాని ప్రతిధ్వని.

ఆ వరస వాయించింది మూగ్ మాడ్యులర్ సింథసైజర్, కరెంటుతో స్వరాలు పుట్టించే, గదిలో గోడంత ఉండే యంత్రం. నిర్మాతలు జార్జియో మొరోడర్, పీట్ బెలాట్. యంత్రం దగ్గర కూర్చున్న ఇంజినీర్ రాబీ వెడెల్ టేపు మీద ఒక ట్రాక్‌లో తాళపు గుర్తులు ముందే రికార్డు చేసి, వాటితోనే మూగ్‌ని నడిపించాడు. అందుకే పొర మీద పొర వేసినా ఎక్కడా తాళం తప్పలేదు. శ్రుతి సంగతి అలా కాదు. కొన్ని సెకన్లకే అది జారిపోయేది, ఆపి మళ్ళీ శ్రుతి చేసి, అక్కడి నుంచి అతికించేవారు. ఇక కిక్ డ్రమ్‌కి కావలసిన బరువు మూగ్‌లో రాలేదు, దాన్ని కీత్ ఫోర్సీ అనే మనిషి కాలితో వాయించాడు. రెండోసారి వినేటప్పుడు మిగతావన్నీ వదిలేసి ఆ కాలినే పట్టుకోండి. పూర్తిగా యంత్రాల పాట అనుకునేది కాస్తా మారిపోతుంది.

మూడోసారి ఆవిడ గొంతు. నాకు అసలు చెప్పాలని ఉన్నది ఇదే, ఎందుకంటే ఈ పాట గురించి మాట్లాడేవాళ్ళు యంత్రాన్ని పొగిడి పొగిడి ఆవిడను మర్చిపోతారు. డోనా సమ్మర్ బోస్టన్‌లో చిన్నప్పుడే చర్చిలో పాడింది. 1968లో ఒక సంగీత నాటకంలో నటించడానికి మ్యూనిక్ వచ్చి కొన్నేళ్ళు ఐరోపాలోనే ఉండిపోయింది, జర్మన్ నేర్చుకుంది. ఆవిడ గొంతులో ఎంత బలం ఉందో తెలియాలంటే ముందు 1978 నాటి ‘లాస్ట్ డాన్స్’ వినండి. నెమ్మదిగా మొదలై, ఒక్కసారిగా గుండెల్లోంచి ఎగసిపడుతుంది. అది విన్నాక ‘ఐ ఫీల్ లవ్’కి తిరిగి రండి. ఆ బలమంతా ఇక్కడ దాచిపెట్టింది! పైస్థాయిలో, ఊపిరిలాంటి సన్నటి గొంతుతో, నాలుగైదు మాటలనే సాగదీస్తుంది. కింద బేస్ పొట్టి పొట్టి అక్షరాలు, పైన ఆవిడవి దీర్ఘాలు. తంబూరా మీద ఆలాపన విన్న చెవికి ఇది కొత్తేం కాదు. కాకపోతే ఇక్కడ తంబూరా పరుగెడుతుంది, మధ్యమధ్యలో మెట్టు కూడా ఎక్కుతుంది. ఆవిడ మాత్రం తొందరపడదు. మధ్యలో గొంతు తప్పుకుని వాయిద్యాలే మిగిలే చోటు ఒకటుంది. అక్కడ మీకు ఏదో వెలితిగా అనిపించిందంటే, వినాల్సింది విన్నట్టే.

తర్వాతవి వరస తప్పకుండా వినండి. మొదట శాన్ ఫ్రాన్సిస్కోలో ప్యాట్రిక్ కౌలీ 1978లో చేసిన పదిహేను నిమిషాలకు పైబడిన రీమిక్స్. ఆ తర్వాత ఫ్రెంచ్ సంగీత జంట డాఫ్ట్ పంక్ 2013 ఆల్బమ్‌లో మొరోడర్ స్వయంగా తన కథ చెప్పే ట్రాక్. అప్పుడు మీకిష్టమైన ఇప్పటి ఈడీఎం (ఎలక్ట్రానిక్ డాన్స్ మ్యూజిక్) ఏదైనా పెట్టుకోండి. ఆగని కిక్, తిరుగుతూనే ఉండే బేస్, పైన తేలే ఆడగొంతు, మూడూ గుర్తుపడతారు. ఆ రోజుల్లో బెర్లిన్‌లో రికార్డింగులో ఉన్న బ్రిటిష్ గాయకుడు డేవిడ్ బౌవీకి ఈ పాట వినిపించి, రాబోయే సంగీతం ఇదేనన్నాడట అతనితో పనిచేస్తున్న సంగీతకారుడు బ్రయాన్ ఈనో. తమాషా ఏమిటంటే, కంపెనీ దీన్ని మొదట సింగిల్ రికార్డుకి రెండో వైపున వేసింది. అయినా బ్రిటన్‌లో నాలుగు వారాలు మొదటి స్థానంలో నిలిచింది!

చేతులు ఊరుకోకపోతే మీరే ఒక బేస్ కట్టుకోండి. ఉచితంగా దొరికే ఏ మ్యూజిక్ యాప్ అయినా ఫర్వాలేదు. టెంపో 126 పెట్టండి, అంటే నిమిషానికి 126 దెబ్బలు. సింథ్‌లో సా-టూత్ వేవ్ (రంపపు పళ్ళలాంటి, కాస్త గరుకైన ధ్వని) తీసుకుని, పదును తగ్గించే ఫిల్టర్ సగానికి మూసి, ప్రతి స్వరాన్నీ బాగా పొట్టిగా కత్తిరించండి. మంద్రస్థాయిలో స, స, ప, కైశికి నిషాదం, దెబ్బకి రెండు స్వరాల చొప్పున. నా అభ్యాసానికి నేను వేసుకునే వరస ఇది. దాన్ని పూర్తిగా ఎడమకు తిప్పండి. డిలే (స్వరాన్ని కాస్త ఆలస్యంగా మళ్ళీ వినిపించేది) పెట్టి, అది కుడివైపే వినపడేలా చేసి, ఫీడ్‌బ్యాక్ సున్నాకి తగ్గించండి, అంటే ప్రతిధ్వని ఒక్కసారే రావాలి. దెబ్బదెబ్బకీ కిక్ వేయండి. ఇక మీరు పాడండి: ఒక్క ‘ఆ’ను నాలుగు దెబ్బలు నిలపండి, నాలుగు దెబ్బలు ఊరుకోండి. నేను మొదట్లో ఆ ఖాళీలన్నీ గమకాలతో నింపేసేదాన్ని. అవి తీసేశాకే పాటకి ఊపిరాడింది.

పోయిన ఆదివారం తమ్ముడు తను కట్టింది పంపాడు. ‘ఆ’ చక్కగా నిలబెట్టాడు, కిక్ బాగుంది, కానీ బేస్ పరుగెత్తడం లేదు. డిలే ఎంత పెట్టావురా అంటే 238 మిల్లీసెకన్లన్నాడు. అది సరిగ్గా అర దెబ్బ. ప్రతిధ్వని వెళ్ళి తర్వాతి స్వరం మీదే పడుతోంది, ఖాళీలో పడటం లేదు. సగం చెయ్, 119 పెట్టు అన్నాను. పెట్టాడు. ఫోన్ అలా చేతిలోనే ఉంచుకుని, “అక్కా, ఇప్పుడు చెవులు మారుతోంది” అన్నాడు.