ముప్పు ఎటు నుంచి? తుఫానుల కాలానికి ముందే ఊరంతా సిద్ధం కావడం ఎలా

కృష్ణా జిల్లా దివిసీమలో ఏ ఊరికైనా ముప్పు ఒకే దిక్కు నుంచి రాదు. పులిగడ్డ దగ్గర కృష్ణా నది రెండు పాయలుగా చీలి అటూ ఇటూ పారుతుంది, ఇంకో వైపు సముద్రం. 1977 నవంబర్ 19న ఉప్పెన సుమారు 5 మీటర్ల ఎత్తున ఊళ్ల మీద పడింది. పదివేల మంది దాకా పోయారు. 2024 సెప్టెంబరులో నీళ్లు నది నుంచి వచ్చాయి. అప్పుడు ఎగువన విజయవాడలోని ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. అన్నిటికీ కలిపి ఒకే ప్లాన్ వేసుకుంటే సరిపోదు.

మొదట ఊరి పటం గీయండి. కరకట్ట, డ్రెయిన్లు, పల్లపు వీధులు, మంచినీటి బోర్లు, తుఫాను షెల్టర్ అన్నీ అందులో ఉండాలి. ఉప్పెన చూసిన పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి. ఏ వీధిలోకి ముందు నీళ్లొచ్చాయో, ఏ డాబా మీద జనం బతికారో వాళ్లే చెప్పగలరు. అప్పుడు పదేళ్ల పిల్లలుగా ఉన్నవాళ్లకు ఇప్పుడు యాభై ఎనిమిది దాటాయి. ఈ పని మాత్రం వచ్చే ఏడాదికి వాయిదా వేయకండి.

తర్వాత, ఏ హెచ్చరికకు ఎప్పుడు కదలాలో ముందే తేల్చుకోండి. తుఫాను విషయంలో వాతావరణ శాఖ సాధారణంగా 48 గంటల ముందు అలర్ట్, 24 గంటల ముందు వార్నింగ్ ఇస్తుంది. అలర్ట్ నాడే సర్దుకుని, వార్నింగ్ రాగానే బయల్దేరాలి. గాలి పెరిగాక చెట్లు పడి దారులు మూసుకుపోతాయి. టీవీలో అందరూ గాలి వేగమే చూస్తారు, మీరు ఉప్పెన ఎంత ఎత్తు వస్తుందన్నారో అడగండి. తీరంలో ప్రాణాలు ఎక్కువగా తీసేది నీరే. నది సంగతికొస్తే, బ్యారేజీ దగ్గర 3.97 లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరిక, 5.69 లక్షలకు రెండోది. లంకల్లో, అంటే నది మధ్య దిబ్బల మీద ఉన్నవాళ్లు రెండోదాని కోసం ఎదురుచూడకూడదు. పిడుగుల గురించి ఫోన్లో హెచ్చరించే దామిని యాప్ పనికొస్తుంది. ఉరుము వినపడితే నాట్లు ఆపి పక్కా ఇంట్లోకి వెళ్లాలి, చెట్టు కిందికి కాదు.

ఇక మనుషుల జాబితా. నెలలు నిండిన గర్భిణులు, మంచం పట్టినవాళ్లు, ఒంటరి ముసలివాళ్లు, వేటకు వెళ్లిన మత్స్యకారులు ఎవరెవరో రాయండి. ప్రతి పేరు పక్కన తీసుకొచ్చే బాధ్యత ఎవరిదో కూడా రాయండి. ఆ రెండో పేరు లేకపోతే జాబితా ఉన్నా ఉపయోగం లేదు. పట్టాదారు పాస్‌బుక్, ఆధార్, రేషన్ కార్డు, మందులు ప్లాస్టిక్ కవర్లో కట్టుకోండి. బయల్దేరే ముందు పశువుల పలుపులు విప్పేయండి. కట్టేసిన గొడ్డు ఈదలేదు.

తుఫాను రాత్రి గాలి ఒక్కసారిగా ఆగిపోయిందంటే అయిపోయిందనుకుని బయటికి రావద్దు. అది తుఫాను కన్ను కావచ్చు. కాసేపటికి అవతలి దిక్కు నుంచి మళ్లీ అంత గాలీ కొడుతుంది. అధికారులు చెప్పేదాకా షెల్టర్లోనే ఉండండి. సాయం కావాలంటే 112కి, జిల్లా కంట్రోల్ రూమ్ 1077కి ఫోన్ చేయండి.

నీళ్లు తీశాక ఇంట్లోకి కర్రతో తడుముకుంటూ వెళ్లండి, పాములు చేరి ఉంటాయి. తెగిన కరెంటు తీగల జోలికి పోవద్దు. బోరు నీళ్లు క్లోరిన్ వేసి, కాచి తాగండి. పడిపోయిన వరిని కోసే ముందు ఫోటోలు తీసి, నష్టం నమోదుకు వచ్చే సిబ్బందికి చూపించండి. ఈ-పంటలో, అంటే ప్రభుత్వ పంట నమోదులో, పేరు ఉందో లేదో మాత్రం నాట్లు అయిన వెంటనే సరిచూసుకోవాలి.