కొత్త పిన్‌బాల్ కంపెనీకి అడ్వాన్స్ కట్టేముందు

షికాగో శివార్లలో ఉంటాం. మా బేస్‌మెంట్‌లో రెండు పిన్‌బాల్ మెషీన్లు ఉన్నాయి, అద్దం కింద వాలు బల్ల మీద ఉక్కు బంతిని కొడుతూ ఆడేవి. మూడోది రావాల్సింది, రాలేదు. వెయ్యి డాలర్లు అడ్వాన్స్ కట్టాక కంపెనీ మూతపడింది. వాళ్లు దొంగలని అనను. అంతకుముందు ఒక్క మెషీనూ తయారుచేసి అమ్మినవాళ్లు కారు, అంతే. ఆ ముక్క మా ఆవిడ ముందే అంది.

ఇప్పుడు ఎవరైనా కొత్తవాళ్లు ఆర్డర్లు తీసుకుంటున్నారంటే వీడియోలు చూసి మురిసిపోను. మెషీన్లు ప్రదర్శనకు పెట్టే షోకి వెళ్లి ఆడతాను, అదీ మధ్యాహ్నం దాటాక. పొద్దున అన్ని మెషీన్లూ బాగానే ఉంటాయి. గంటల తరబడి ఆడించాక లోపలి తీగచుట్టలు, అంటే కాయిల్స్, వేడెక్కి, వాటితో కదిలే ఫ్లిప్పర్లు (బంతిని కొట్టే చిన్న తెడ్లు) నీరసిస్తాయి. బంతి 80 గ్రాముల ఉక్కు ముద్ద. పొద్దున ర్యాంప్ ఎక్కినది సాయంత్రానికి సగంలోంచి జారొచ్చేస్తే కొనకండి. తర్వాత అద్దం తీయించి, బల్ల మీద దిగేసిన చిన్న గుంజల్లాంటి పోస్టుల మొదళ్లు చూడండి. అక్కడ క్లియర్‌కోట్, అంటే పైన వేసే పారదర్శక పూత, ముడతపడినా, పెచ్చులేచినా అనుమానించాల్సిందే. ప్లేఫీల్డ్, అంటే బంతి దొర్లే బల్ల, పైకెత్తమని కూడా అడగండి. కింద వైర్లు కట్టలుగా కట్టి ఉన్నాయా, టేపు చుట్టి వేలాడుతున్నాయా? "ఇవాళ కుదరదండీ" అన్నారంటే మీకు జవాబు దొరికినట్టే.

చేయి తిరిగినవాడు గ్యారేజీలో ఒక మెషీన్ చేసేయగలడు. వందోది కూడా అలాగే రావడమే కష్టం. వేల పార్టుల్లో ఒక్క ప్లాస్టిక్ ర్యాంప్ రాకపోయినా పని ఆగిపోతుంది. జెర్సీ జాక్ అనే పిన్‌బాల్ కంపెనీ పెట్టినాయన అంతకుముందు ఏళ్ల తరబడి ఈ మెషీన్లు అమ్మినవాడే. అయినా 2011లో దాన్ని పెడితే తొలి మెషీన్ బయటికొచ్చేసరికి 2013 అయింది. కాబట్టి "ఆరు నెలల్లో ఇచ్చేస్తాం" అంటే నాకు నవ్వొస్తుంది.

సినిమా పేరుతో చేస్తుంటే లైసెన్స్, అంటే ఆ పేరు వాడుకునే అనుమతి, సంగతి గట్టిగా అడగండి. స్కిట్-బి అనే చిన్న కంపెనీ ప్రెడేటర్ సినిమా పేరుతో చేసే మెషీన్ కోసం జనం దగ్గర డబ్బు తీసుకుంది. లైసెన్సే లేదని 2015లో బయటపడింది.

డబ్బు క్రెడిట్ కార్డు మీదే కట్టండి. కానీ బ్యాంకుకు ఫిర్యాదు చేయడానికి గడువుంటుంది. రెండేళ్లు ఎదురుచూస్తే ఆ దారీ మూసుకుపోతుంది.

నేను చివర్లో అడిగేది ఒకటే: ఫ్లిప్పర్ కాయిల్ కాలిపోతే మీ దగ్గరే కొనాలా, బయట దొరికేదేనా? మొన్నో షోలో ఒక కుర్రాడు, "బయట దొరికేదే సార్" అంటూ కాయిల్ మీద నంబరు చూపించాడు. ఇంటికొచ్చి చూస్తే నా పాత మెషీన్‌లోనూ అదే నంబరు. అడ్వాన్స్ మాత్రం ఇంకా కట్టలేదు.