పాత ఎస్‌యూవీ కొనేముందు – మూడో పాఠం: చాసిస్, చల్లటి ఇంజిన్

మొదటి పాఠంలో కాగితాలు చూశాం, రెండో పాఠంలో బాడీ, అద్దాలు, టైర్లు చూశాం. ఈసారి బండి కిందికి, బానెట్ లోపలికి వెళ్దాం. పది పన్నెండేళ్లు దాటిన స్కార్పియో, బొలెరో, సఫారీ కొనేవాళ్ల డబ్బు మునిగేదీ మిగిలేదీ ఈ రెండు చోట్లే. ఇన్నోవా ఎస్‌యూవీ కాకపోయినా దాని అడుగు కట్టుబడి కూడా ఇదే. మనవాళ్లు దాన్నీ వీటితో పోల్చుకునే కొంటారు కాబట్టి ఈ పాఠం దానికీ వర్తిస్తుంది.

ఈ బళ్లన్నిటికీ కింద విడిగా చాసిస్ ఉంటుంది. ముందు నుంచి వెనక దాకా రెండు పొడవాటి ఉక్కు పట్టాలు, వాటిని కలుపుతూ అడ్డంగా క్రాస్ మెంబర్లు ఉంటాయి. ఇంజిన్, గేర్‌బాక్సు, యాక్సిల్ అన్నీ దానికే బిగిస్తారు. బాడీని రబ్బరు బుష్‌ల మీద పైన కూర్చోబెడతారు. అందువల్ల పైన రంగు ఎంత మెరిసినా కింద చాసిస్ ఎలా ఉందో ఏమీ తెలియదు. ఇంజిన్ పోతే హాఫ్ ఇంజిన్ (ఇంజిన్ విప్పి చేసే రిపేరు) చేయించుకోవచ్చు, గేర్‌బాక్సు పోతే ఇంకొకటి వేయించుకోవచ్చు. చాసిస్‌ని తుప్పు తినేస్తే మాత్రం ఆ బండి మీద పెట్టే ప్రతి రూపాయీ వృథాయే. నా లెక్కలో మీరు కొంటున్నది చాసిస్‌ని, మిగతాదంతా దాని మీద బిగించిన సామాను.

బయల్దేరే ముందు అమ్మేవాళ్లకి ఫోన్ చేసి రెండు మాటలు చెప్పండి. మేము వచ్చేదాకా బండి స్టార్ట్ చేయొద్దు, వాటర్ సర్వీసింగ్ చేయించొద్దు. రెండోది చాలామంది మర్చిపోతారు. కడిగిన బండిలో ఆయిల్ కారిన జాడలు, బురద పేరుకున్న మూలలు, తుప్పు పొడి అన్నీ కొట్టుకుపోతాయి. మురికిగా ఉన్న బండే మీకు నిజం చెబుతుంది. మీ దగ్గర మంచి టార్చి, చిన్న స్క్రూడ్రైవరు, కొలిచే టేపు, పడుకోవడానికి ఒక గోనెపట్టా ఉంటే చాలు. జాకీ మీద లేపిన బండి కిందికి మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ దూరొద్దు. దగ్గర్లోని సర్వీసింగ్ షెడ్డులో ర్యాంపు ఎక్కించమనండి, దానికయ్యే ఖర్చు మీరే ఇవ్వండి.

చాసిస్ చూసే పద్ధతి

ముందు తుప్పులో తేడాలు తెలుసుకోవాలి. పైపైన ఎర్రగా పట్టిన తుప్పు పాత బండికి సహజం, దానికి భయపడక్కర్లేదు. పొరలు పొరలుగా లేచి, గోటితో గీకితే పెచ్చులు ఊడే తుప్పు ప్రమాదం. స్క్రూడ్రైవరు పిడితో చాసిస్ పట్టా వెంబడి మెల్లగా తట్టుకుంటూ వెళ్లండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తినేసిన చోట డొల్లగా మొద్దు శబ్దం వస్తుంది. అలాంటి చోట యజమాని అనుమతి అడిగి మొనతో నొక్కి చూడండి. లోపలికి దిగిందంటే బేరం అక్కడితో ఆపేయొచ్చు.

ఎక్కువగా తినేది బురద, నీళ్లు నిలిచే చోట్లలో. వెనక చక్రాల పైన చాసిస్ వంపు తిరిగే చోటు, సస్పెన్షన్ బిగించిన బ్రాకెట్లు, బాడీ బుష్‌లు కూర్చునే చోట్లు, డీజిల్ ట్యాంకు చుట్టుపక్కల. బొలెరోలో వెనక కమాను పట్టీలు వేలాడే హ్యాంగర్లు తప్పకుండా చూడండి. పట్టీ ఏదైనా విరిగిందా, బండి ఒక పక్కకి ఒరిగి నిలబడిందా గమనిస్తే అది ఎంత బరువు మోసిందో అర్థమవుతుంది.

కింద అంతా కొత్తగా నల్ల కోటింగ్ పూసి ఉంటే సంతోషించకండి. ఎప్పుడో వేయించిన కోటింగ్ మీద దుమ్ము, రాళ్ల దెబ్బలు ఉంటాయి. అమ్మకానికి ముందు వేసినది నిగనిగలాడుతూ, నట్ల మీద, రబ్బర్ల మీద కూడా పడి ఉంటుంది. దాని కింద ఏముందో అమ్మేవాళ్లనే అడగండి.

ఏ ఊళ్లో తిరిగిన బండి అన్నది ఇక్కడ చాలా ముఖ్యం. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం తీరంలో ఉప్పుగాలి ఇనుముని తింటుంది. భీమవరం వైపు చేపల, రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగి, ఐసు పెట్టెలు మోసిన బండి అయితే ఉప్పునీళ్లు పైనుంచీ పడి ఉంటాయి. ఢిల్లీ నుంచి వచ్చిన డీజిల్ బళ్ల సంగతి దీనికి తిరగబడి ఉంటుంది. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ బండి తిరగకూడదని 2015లో పెట్టిన ఆంక్ష వల్ల అవి చవగ్గా హైదరాబాద్ చేరాయి. పొడి వాతావరణం కాబట్టి చాసిస్ చాలావరకు శుభ్రంగానే ఉంటుంది, చిక్కంతా ఎన్‌వోసీ (అక్కడి ఆర్‌టీవో ఇచ్చే నిరభ్యంతర పత్రం), ఇక్కడ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్ దగ్గరే. మొదటి పాఠం మళ్లీ తిరగేయండి.

ఇక వెల్డింగు. కంపెనీ వెల్డింగు ఒకే వెడల్పున, ఒకే తీరున సాగుతుంది. రిపేరు వెల్డింగు ముద్దలు ముద్దలుగా ఉంటుంది, పక్కన కాలిన రంగు కనిపిస్తుంది. గట్టిగా గుద్దుకున్న బండి అనిపిస్తే చక్రాలు తిన్నగా పెట్టించి, ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్య దాకా రెండు పక్కలా కొలవండి. స్కార్పియోకి ఈ దూరం 2680 మిల్లీమీటర్లు ఉండాలి. అంకె కంటే కుడి ఎడమల తేడా ముఖ్యం. జాగ్రత్తగా రెండోసారి కొలిచినా సెంటీమీటరు మించి తేడా వస్తే చాసిస్ వంగిందేమో మెకానిక్‌తో చూపించకుండా ముందుకెళ్లకండి.

చాసిస్ నంబరు చాలా బళ్లలో కుడిపక్క ముందు చక్రం పరిసరాల్లో పట్టా మీదే కొట్టి ఉంటుంది. గుడ్డతో తుడిచి, కాగితం పెట్టి పెన్సిల్ ప్రింట్ తీయండి. ఆర్‌సీలో ఉన్న నంబరుతో ఒక్కో అక్షరం పోల్చండి. చుట్టూ గ్రైండింగు గీతలున్నా, అక్షరాలు ఎగుడుదిగుడుగా ఉన్నా వదిలేయండి. తుప్పుతో చెరిగిపోయినా తిప్పలే. సొంత బండికి ఆర్‌సీ పదిహేనేళ్లు. తర్వాత ఐదేళ్ల పొడిగింపు కోసం ఫిట్‌నెస్‌కి తీసుకెళ్లినప్పుడు ఆ నంబరు చదవడానికి రావాలి.

వరదలో మునిగిన బండి

2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో ఎన్నో బళ్లు నీళ్లలో నిలిచాయి. అలాంటి బండిని కడిగి ఆరబెడితే పైకి ఏమీ కనిపించదు. సీటు బెల్టుని చివరి దాకా లాగండి, చివర మట్టి చారిక ఉంటే సంగతి తెలిసినట్టే. సీటు పట్టాల తుప్పు, కార్పెట్ కింద బంకమట్టి, ఫ్యూజ్ బాక్సులో పచ్చగా పట్టిన చిలుము కూడా చూడండి. వైరింగు ఒకసారి నీళ్లు తాగితే ఎప్పుడు ఎక్కడ తెగుతుందో ఎవరూ చెప్పలేరు.

చల్లటి ఇంజిన్

వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే స్టార్టింగు లోపం దాచడానికే ముందు నడిపి ఉండొచ్చు. చల్లారేదాకా ఆగండి, లేదా ఇంకో రోజు పొద్దున్నే వస్తామని చెప్పండి.

స్టార్ట్ చేయకముందే రేడియేటర్ మూత, ఆయిల్ మూత తీసి చూడండి. వేడి ఇంజిన్‌లో రేడియేటర్ మూత తీస్తే మరిగే నీళ్లు మొహాన చిమ్ముతాయి కాబట్టి ఈ పని చల్లగా ఉన్నప్పుడే. లోపల రంగు కూలెంటు ఉండాలి. గోధుమరంగు నీళ్లుంటే ఏళ్ల తరబడి బోరు నీళ్లు పోసి నడిపారన్నమాట, రేడియేటర్‌లో సున్నం కట్టి ఉంటుంది. ఆయిల్ మూత అడుగున చిలికిన మజ్జిగ లాంటి తెల్లటి జిగురు ఎక్కువగా ఉంటే ఆయిల్‌లో నీళ్లు కలుస్తున్నాయేమో, హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ హెడ్డుకీ బ్లాకుకీ మధ్య ఉండే పలుచటి పొర) పోయిందేమో అనుమానించాలి.

ఇప్పుడు స్టార్ట్ చేయించి, మీరు సైలెన్సర్ వెనక నిలబడండి. చలి పొద్దున కాస్త తెల్ల పొగ వచ్చి పోవడం మామూలే. ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకుండా వస్తే కూలెంటు కాలుతోందేమో చూపించాలి. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది. రేస్ చేసినప్పుడల్లా దట్టంగా నల్ల పొగ వస్తే ఇన్‌జెక్టర్లు, ఎయిర్ ఫిల్టరు, టర్బో చూపించాలి.

ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా ఆయిల్ మూత విప్పి, బోర్లించి అదే రంధ్రం మీద వదలండి. మూత కొంచెం కదిలితే ఫర్వాలేదు. ఎగిరి పడుతూ, రంధ్రంలోంచి గుప్పుగుప్పుమని పొగ తన్నుతుంటే పిస్టన్ రింగులు అరిగి, మండిన గాలి కిందికి దిగుతోందని అర్థం. మెకానిక్‌లు బోరుకొచ్చింది అనేది ఇలాంటి ఇంజిన్‌నే. కొంటే ఇంజిన్ పని ఖర్చు ధరలోంచి తగ్గించి కొనాలి.

పాత ఇన్నోవా 2.5 డీజిల్‌కి టైమింగ్ బెల్టు ఉంటుంది. ఎప్పుడు మార్చారో బిల్లు చూపించమనండి. బిల్లు లేకపోతే మార్చలేదనే లెక్కేసుకుని, ఆ ఖర్చు కూడా బేరంలో పెట్టండి.

క్లచ్ ప్లేటు, సస్పెన్షన్ బుష్‌లు, బాల్ జాయింట్లు, బ్యాటరీ అరిగితే అవి బేరానికి పనికొస్తాయి. చాసిస్‌కి చిల్లు, దిద్దిన నంబరు, వరద మట్టి, ఈ మూడింటిలో ఏది కనిపించినా ఎంత తగ్గించినా తీసుకోవద్దు.

వచ్చే పాఠానికి ముందు ఒక అభ్యాసం. మీ ఇంట్లోనో, తెలిసినవాళ్ల దగ్గరో ఉన్న ఏదైనా పాత బొలెరోనో స్కార్పియోనో ర్యాంపు ఎక్కించి, చాసిస్ మొదటి నుంచి చివరి దాకా తట్టి చూడండి. దాని నంబరు పెన్సిల్ ప్రింట్ తీయండి. నాలుగో పాఠంలో బండి నడిపి చూస్తాం. గేర్లు, క్లచ్, క్రౌన్ (యాక్సిల్ లోపలి పెద్ద గేరు) శబ్దం, ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాస్‌లు (జాయింట్లు), బ్రేకులు, ఫోర్ వీల్ డ్రైవ్ ఉంటే దాని పరీక్ష.